వదిన చేతికి నచ్చిన బోర్డు

మా వదిన గొంతు తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. మొహం తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. పెద్దాసుపత్రికి ఎవరు ఫోన్ చేసినా ముందు పలికేది ఆవిడే. "చెప్పండి, ఎవరు కావాలి?" అంటుంది. ఆ ఒక్క మాటకే అవతలివాళ్ళ కంగారు సగం దిగుతుందని డాక్టర్లే చెప్పుకుంటారు. బస్సులోనో మందుల షాపులోనో ఆవిడ నోరు విప్పగానే ఎవరో ఒకరు వెనక్కి తిరిగి, "మీరు ఫోన్ ఆవిడ కదూ!" అని పట్టేసుకుంటారు. "అవునండీ, ఏ వార్డుకి కలపమంటారు?" అని నవ్వేస్తుంది వదిన.

ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. ఈ మాట ముందే చెప్పెయ్యకపోయావా అని నన్ను తిడుతుంది, నాకు తెలుసు. కానీ మా ఇంట్లో ఎవరికీ ఆవిడ గురించి మొదట గుర్తొచ్చే సంగతి అది కాదు. మొదట గుర్తొచ్చేది ఆవిడ పట్టుదల. రెండోది వెటకారం.

నేను ఆవిడ ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ఆ అర్ధం పెత్తనం కూడా నాకు దక్కలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే వదిన నన్ను తన పార్టీలోకి లాగేసుకుంది. అప్పటినుంచీ ఇంట్లో ఏ గొడవైనా మేమిద్దరం ఒకవైపు, అన్నయ్య ఒకవైపు. అమ్మ మాత్రం ఎవరు గెలుస్తారో చూసుకుని ఆఖర్న అటు చేరుతుంది. అన్నయ్య ఎలక్ట్రీషియన్. ఇళ్ళకు వైరింగ్ చేస్తాడు. నేను బేకరీలో బిల్లింగ్ దగ్గర కూర్చుంటాను. మేడ మీద రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు వసారా, అదీ మా ఇల్లు. వెనక గదిలో కిటికీ పక్కన వదిన బల్ల ఉంటుంది.

ఆ బల్ల దగ్గర ఆవిడ రెండో ఉద్యోగం చేసుకుంటుంది. షాపులకు, బస్టాండుకు, లిఫ్టుల కంపెనీకి ప్రకటనలు చదివి, రికార్డు చేసి, తప్పులు కత్తిరించి పంపుతుంది. ఒకసారి అన్నయ్య ఏదో ఆఫీసులో వైరు మారుస్తూ లిఫ్టు గుమ్మంలో నిలబడితే, పైనుంచి వదిన గొంతు, "దయచేసి తలుపులకు అడ్డంగా నిలబడకండి" అందట. ఇంటికొచ్చి, "ఇంట్లోనూ ఇదే పోరు, బయటా ఇదే పోరు" అని తల పట్టుకున్నాడు. తలుపుకు అడ్డంగా ఎందుకు నిలబడ్డారని వదిన అడిగిందే తప్ప జాలిపడలేదు.

ఆ పనంతా చేసే కంప్యూటరు ఎవరో వాడి వదిలేసింది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము అందులో ఉండేది. వదినకు అదే కళ్ళూ కాగితమూ. ఒకరోజు పొద్దున్నే స్విచ్ నొక్కితే లోపల ఫ్యాను తిరిగింది గానీ గొంతు రాలేదు. అన్నయ్య దాన్ని మోసుకెళ్ళి రిపేరుకిచ్చాడు. "బాగైపోయిందండీ, బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది" అని వాళ్ళు తిరిగిచ్చారు. ఇంటికి తెస్తే బొమ్మ నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. చప్పుడు మాత్రం చచ్చిపోయింది. మళ్ళీ మోసుకెళ్ళాడు. చప్పుడొచ్చింది. కొన్నాళ్ళకు మళ్ళీ మూగబోయింది. ఈసారి రిపేరతను విసుక్కుంటూ, "ఏం పాడైందో తెర మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది కదండీ, ఎవరూ చదవలేదా?" అన్నాడు.

ఆ అక్షరాలు పడినప్పుడు ఇంట్లో ఉన్నది వదిన ఒక్కతే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ ఉన్నట్టుండి అంది. "కుళాయి కారితే చప్పుడును బట్టి ఏ కుళాయో చెబుతాను. ఫ్యాను బేరింగు అరిగితే మీకన్నా ముందు నాకే తెలుస్తుంది. ఈ డబ్బా ఒక్కటే, దానికి ఏ జబ్బొచ్చినా మీతో చెబుతుంది గానీ నాతో చెప్పదు. నా బల్ల మీద కూర్చుని నాతో మాట్లాడకపోతే ఎలా? కొత్తది నేనే బిగించుకుంటాను."

అన్నయ్య ముద్ద మింగి, "బిగించినవే అమ్ముతారు కదే" అన్నాడు.

"అమ్ముతారు. పాడైతే మళ్ళీ మీ భుజం మీదే ఊరేగుతుంది."

"పోనీ నేను బిగించి పెడతాను. కరెంటు పని చేసేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని..."

"మీరు వైరింగ్ చేసిన ఇళ్ళన్నిటికీ రోజూ మీరే వెళ్ళి లైటు వేస్తున్నారా?"

అన్నయ్య నా వంక చూశాడు. నేను పళ్ళెం వంక చూసుకున్నాను. అమ్మకు మాత్రం నిజంగానే భయం వేసింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమే అమ్మాయ్, షాక్ కొడితే?" అంది. ప్లగ్ తీసేసిన డబ్బాలో షాక్ ఉండదని అన్నయ్యే చెప్పాల్సి వచ్చింది. చెప్పాక, తను ఎవరి తరఫున మాట్లాడాడో అర్థమై నాలిక్కరుచుకున్నాడు.

వదినకు ఫోన్లో ఒక స్నేహబృందం ఉంది. అందరూ చూపు లేనివాళ్ళే, తలా ఒక ఊళ్ళో ఉంటారు. సెలవురోజు సాయంత్రం అందరూ ఒకే లైన్లో కలుసుకుని లోకమంతా చెప్పుకుంటారు. వాళ్ళలో ఒక లెక్కల మాస్టారు సొంతంగా కంప్యూటరు బిగించుకున్నాడు. వదిన ఆయన్ని ప్రశ్నలతో పీల్చి పిప్పి చేసింది. ఆయన చెప్పింది ఇదీ. "అన్నీ తర్వాతమ్మా. ముందు మదర్‌బోర్డు. మిగతా సామానంతా దాని మీదే కూర్చుంటుంది కాబట్టి అది కుదిరితే అన్నీ కుదురుతాయి. నువ్వు స్విచ్ వేయగానే అది నీకు పలకాలి. బాగుంటే ఒకసారి బీప్‌మనాలి, బాగాలేకపోతే ఇంకోలా అరవాలి. ఈమధ్య వచ్చేవి అరవడం మానేసి లైట్లు వెలిగిస్తున్నాయి. నేను కొన్న రకం ఇప్పుడు దొరకదు. నువ్వే వెతుక్కోవాలి."

అలా నేనూ వదినా కంప్యూటరు సామాను అమ్మే వీధికి బయలుదేరాం. నా పని పెట్టెల మీది అక్షరాలు చదవడం, మెట్లొస్తే చెప్పడం. ఎంచడం నా పని కాదని ముందే ఒప్పందం.

మొదటిది అద్దాల షాపు. లోపలికి వెళ్ళగానే చల్లగా ఉంది. సేల్స్‌మన్ చాలా మర్యాదస్తుడు, కానీ అతని మర్యాదంతా నాకే. "ఆవిడకి ఏం కావాలండీ?" అని నన్నడిగాడు. ఇలాంటప్పుడు నేను పైకప్పు వంక చూడాలన్నది మా ఇద్దరికీ పాత అలవాటు. చూశాను.

"ఆవిడ ఇక్కడే ఉందండీ. ఆవిడకి మదర్‌బోర్డు కావాలి" అంది వదిన.

అతను తడబడి, సర్దుకుని, మంచి బోర్డే తీశాడు. "ఇది మా దగ్గర బాగా పోతుందండీ. చుట్టూ లైట్లు, రంగులు మారతాయి. ఏదైనా తేడా వస్తే ఇదిగో, ఈ చిన్న అద్దంలో నంబరు పడుతుంది. ఆ నంబరును బట్టి ఏం పాడైందో తెలుసుకోవచ్చు."

"నంబరు పడేటప్పుడు చప్పుడవుతుందా అండీ?"

"అవదండీ. కనిపిస్తుంది."

"ఎవరికి?"

పాపం, అతని మొహంలో కూడా రంగులు మారాయి. వదినే అతన్ని గట్టెక్కించింది. "మంచి బోర్డేనండీ. నాకు కుదరదు, అంతే. చప్పుడు చేసేదేమైనా ఉందా? పోనీ, ఒకటి విప్పి చేతికిస్తారా?" చప్పుడు చేసేవి ఇప్పుడెవరూ అడగడం లేదన్నాడు. సీలు విప్పితే తనకు మాటొస్తుందన్నాడు. తప్పు అతనిది కాదు. తర్వాత ఎక్కిన షాపుల్లోనూ కాస్త అటూ ఇటూగా ఇదే కథ. ఒకాయన వదినను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు, బోర్డు మాత్రం ఇవ్వలేదు.

నాకు కాళ్ళు లాగుతున్నాయి. "వదినా, రేపొద్దామా?" అంటే, "రేపటికి బోర్డులు గుడ్లు పెడతాయా?" అంది. ఆ వీధి చివర సందులో, మేడ మెట్ల కింద ఇంకో షాపు ఉందని టీ కొట్టతను చెప్పాడు. షాపు పేరు ఎవరికీ తెలియదు. అందరూ పల్లీలాయన షాపు అంటారు.

ఎందుకంటారో గుమ్మంలోనే అర్థమైంది. బల్ల నిండా బోర్డులు, వైర్లు, స్క్రూలు. వాటి మధ్య ఒక పెద్దమనిషి వేయించిన పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. వదిన వాసన పట్టి, "పల్లీలు తింటున్నారా?" అంది. "చెయ్యి చాపండి" అన్నాడాయన. చాపింది. గుప్పెడు పోశాడు. ఏం కావాలని నన్నడగలేదు.

ఇద్దరూ పల్లీలు తింటూ మాట్లాడుకున్నారు. వదిన చెప్పిందంతా విని, "మీరే బిగిస్తారా?" అన్నాడు.

"నేనే."

"అయితే లేవండి, చేతులు కడుక్కుందాం. ఉప్పు చేత్తో బోర్డు ముట్టుకోకూడదు."

వెనక కుళాయి దగ్గర ఇద్దరూ చేతులు కడుక్కుని వచ్చారు. ఆయన అటక మీదనుంచి దుమ్ము పట్టిన బోర్డులు రెండు దించి వదిన ముందు పెట్టాడు. "ఇవి చచ్చిపోయినవి. మీరేం చేసినా ఇంతకన్నా చావవు. తడుముకోండి."

వదిన వేళ్ళు బోర్డు మీద నడవడం నేనక్కడే మొదటిసారి చూశాను. ముందు అంచులన్నీ చుట్టొచ్చింది. తర్వాత బొడిపెలు, గాడులు, పొడుగాటి సందులు. "ఇక్కడ ర్యామ్ కదూ? ఇది పంకా వైరుకా?" అని అడుగుతూ పోతోంది, ఆయన అవునంటున్నాడు, కాదంటున్నాడు. బోర్డు మధ్యకొచ్చేసరికి ఆవిడ వేలు ఆగింది.

"ఇదేమిటండీ, ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉంది?"

"స్ప్రింగులు. వెంట్రుక కన్నా సన్నం. ప్రాసెసరు వాటి మీద కూర్చుంటుంది. ఇప్పుడు మీరు ముట్టుకున్నారు కదా, బతికున్న బోర్డయితే ఈపాటికి పోయేది."

వదిన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన రెండో బోర్డు ముందుకు జరిపాడు. అదే చోట ఇందులో సన్నటి చిల్లులు.

"ఇది జల్లెడ!"

"అంతే. ఇందులో సూదుల్లాంటి కాళ్ళు ప్రాసెసరుకి ఉంటాయి, చిల్లులు బోర్డుకి."

"చిల్లుల్ని ముట్టుకోవచ్చా?"

"రోజంతా ముట్టుకోండి."

"అయితే ఈ రకమే ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. వాదన పెట్టుకున్నాడు. "తొందరపడకండమ్మా. ఇది పాత జాతి. కొన్నాళ్ళకు ఇంకా మంచి ప్రాసెసరు వేసుకోవాలంటే దీంట్లో పట్టదు. ఆ స్ప్రింగులది కొత్తది, ముందుముందు మార్చుకుంటూ పోవచ్చు. ప్రాసెసరు పెట్టేది ఒక్కసారే కదా, అది నేను పెట్టిస్తాను. మిగతాదంతా మీరు బిగించుకోండి. ఆ చోట మళ్ళీ చెయ్యి పెట్టే పనే ఉండదు."

నాకు ఆయన మాటే సబబనిపించింది. వదిన జల్లెడ బోర్డును ఒళ్ళో పెట్టుకుని, అంచులు మళ్ళీ ఒకసారి తడిమింది.

"మీరన్నది నిజమేనండీ" అంది చివరికి. "కానీ నా బల్ల మీది వస్తువులో నేను చెయ్యి పెట్టకూడని చోటు ఒకటుందనుకోండి, నా మనసంతా ఆ చోటు దగ్గరే తచ్చాడుతుంది. దుమ్ము దులపాలన్నా భయమే. కొత్తదనం పోతే పోనివ్వండి. లోపలంతా నాదై ఉండాలి."

పల్లీలాయన గడ్డం గీరుకున్నాడు. "నేనైతే అది కొననమ్మా. కాకపోతే నేను చూసి బిగిస్తాను. మీ లెక్క వేరు." అంతటితో వాదన మానేసి, చిల్లుల రకంలో తన దగ్గరున్న పెట్టెలన్నీ తీశాడు. "నా షాపు, నా సీలు" అంటూ బరబరా చింపాడు.

ఒకదానికి బీప్‌మనే బజర్ తగిలించే కాళ్ళే లేవు. అది పక్కకు పోయింది. ఇంకోదానికి ఉన్నాయి గానీ, అన్నీ ఇరుకిరుకుగా, ఒక వైరు పెట్టబోతే ఇంకో వైరు అడ్డొచ్చేలా ఉంది. దాని ర్యామ్ సందుకు ఒక పక్కనే గడియ. వదిన ర్యామ్ ముక్కను పెట్టి తీసి, "ఒక టక్కే వినిపిస్తోంది, రెండో పక్క దిగిందో లేదో ఎలా తెలుస్తుంది?" అంది. అన్నిటికన్నా వెనకున్న పెట్టె మీద దుమ్ము మందంగా పేరుకుంది. అందులోది కాస్త పెద్ద బోర్డు. లైట్లు లేవు, సొగసు లేదు. వైర్లు పెట్టే చోట్లన్నీ అంచుల వెంట, విడివిడిగా ఉన్నాయి. ర్యామ్ సందుకు రెండు చివరలా గడియలున్నాయి. వదిన ముక్కను నిలబెట్టి నొక్కింది. టక్. టక్. మళ్ళీ తీసి మళ్ళీ నొక్కింది. ఆవిడ మొహం విప్పారింది.

"పలుకుతుందా?" అంది.

"కాళ్ళయితే ఉన్నాయి. బజరే ఎక్కడుందో వెతకాలి. వాటిని అడిగిన నాథుడు లేక ఎన్నాళ్ళయిందో!"

ఆయన సొరుగులన్నీ తలకిందులు చేశాడు. చివరికి విరిగిన డబ్బా ఒకదాంట్లోంచి బఠాణీ గింజంత నల్లటి ముక్క, దానికి రెండు వైర్లు, పీకి తెచ్చాడు. బల్ల మీదే బోర్డుకు ప్రాసెసరు, ర్యామ్ పెట్టి, ఆ ముక్క తగిలించి, కరెంటిచ్చాడు. ఫ్యాను తిరిగింది. ఒక్క క్షణం తర్వాత, బీప్.

"మళ్ళీ" అంది వదిన.

మళ్ళీ వినిపించాడు. తర్వాత ర్యామ్ పీకేసి కరెంటిచ్చాడు. ఈసారి అది పొడుగ్గా, ఆపకుండా, చంటిపిల్లలా ఏడవడం మొదలెట్టింది. "ఇది ఆకలి ఏడుపు" అని వదిన గుర్తుపెట్టుకుంది. ప్రాసెసరు తీసేస్తే ఏ చప్పుడూ లేదు.

"ఏమీ అనకపోతే ఏమిటర్థం?"

"చాలా అర్థాలున్నాయమ్మా. ఉన్నవాటిలో అదే చెడ్డ జవాబు" అన్నాడాయన.

బోర్డు కుదిరాక, లెక్కల మాస్టారు అన్నట్టే, మిగతావి దాని వెనకే వచ్చేశాయి. పెట్టె చాన్నాళ్ళుగా పడి ఉంది కాబట్టి ప్రాసెసరును గుర్తుపట్టడంలో పేచీ రాకుండా లోపలి ప్రోగ్రాము మార్చి పెడతానన్నాడు. ప్రాసెసరు మూల మీద, బోర్డు మీద దానికి సరిపోయే మూల పక్కన, వేలికి తగిలేలా చెరో చుక్క జిగురు పెట్టి ఆరబెట్టాడు. అలవాటు కొద్దీ, "మానిటరు ఏది తీసుకుంటారు?" అన్నాడు. "నాకెందుకండీ?" అంది వదిన. ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ, నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

సెలవురోజు పొద్దున్న పని మొదలైంది. భోజనాల బల్ల ఖాళీ చేసి దుప్పటి పరిచాం. అమ్మ చిన్న గిన్నెలు తెచ్చిచ్చింది, ఒక్కో రకం స్క్రూలు ఒక్కో గిన్నెలో. అన్నయ్య కుర్చీ వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అది ఆయన తనకు తానే వేసుకున్న శిక్ష. చేతులు బయట ఉంటే ఊరుకోవని ఆయనకూ తెలుసు. ముట్టుకునే ముందు వదిన ప్రతిసారీ, సామానంతా ఇమిడే ఇనప క్యాబినెట్ మీద అరచెయ్యి ఆనించేది, ఒంట్లోని కరెంటు అందులోకి పోవాలని. "అదీ! ఎర్తింగ్ అంటే అదీ!" అని అన్నయ్య మురిసిపోయాడు.

ప్రాసెసరు చుక్కను బోర్డు చుక్క పక్కకు తెచ్చింది. దాన్ని నొక్కకూడదు, దానంతటదే దిగాలి. వేలి కొసలతో పట్టుకుని ఊరికే వదిలింది. చిల్లుల్లోకి కాళ్ళు నీళ్ళలోకి జారినట్టు దిగిపోయాయి. మేమందరం ఊపిరి బిగపట్టుకుని ఉన్నాం. ఆవిడ గడియ వేసి, "ఊపిరి పీల్చుకోండి, అయిపోయింది" అంది.

తర్వాత ర్యామ్, టక్, టక్. ప్రాసెసరు మీద ఫ్యాను. బోర్డును క్యాబినెట్‌లోకి దించడం, స్క్రూలు, డిస్కు. ముందు వైపు స్విచ్ తాలూకు చీమకాళ్ళలాంటి వైర్లు పెట్టేటప్పుడు మాత్రం మధ్యమధ్యలో తిట్టుకుంది. చివర్న ఒక వైరు మిగిలింది. "ఇది ముందున్న లైటుది. ఎవరికోసం పెట్టాలి?" అంది.

"నాకోసం పెట్టు" అన్నాడు అన్నయ్య. "వెలిగితే చూసుకుంటాను."

పెట్టింది.

మధ్యాహ్నమైంది. ప్లగ్ పెట్టి వదిన స్విచ్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. అన్నయ్య లైటు వెలిగింది. మేమందరం చెవులు రిక్కించాం.

ఏమీ లేదు.

ఆపి మళ్ళీ వేసింది. ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు. "పాడైపోయిందా?" అని అమ్మ గుసగుసగా అంది. అన్నయ్య చేతులు తొడల కిందనుంచి బయటికొచ్చేశాయి. "ఒక్కసారి నన్ను చూడనియ్యవే."

"కూర్చోండి" అంది వదిన. ఆ గొంతు నాకు కొత్త. మళ్ళీ తనే, "కాసేపు కూర్చోండి" అని మెత్తగా అంది.

నేను వంగి లోపలికి చూశాను. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. అన్నయ్య కూడా కుర్చీలోంచే మెడ సాచి చూశాడు. మా నాలుగు కళ్ళకూ ఏ తేడా కనబడలేదు. వదిన ప్లగ్ తీసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేనే తప్పు బోర్డు ఎంచుకున్నానేమో. ఆయన చెబుతూనే ఉన్నాడు" అంది. వదిన అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు అమ్మ అన్న మాట నాకిప్పటికీ గుర్తే. గెలిచేవాళ్ళ వైపు చేరే మా అమ్మ, ఆ పూట ఎవరు గెలుస్తారో తెలియకముందే అంది. "తప్పయితే తప్పే లేవే. ఎంచింది నువ్వే, బిగించింది నువ్వే, విప్పి చూసేదీ నువ్వే. ముందు టీ తాగు."

టీ తాగింది. కప్పు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, బోర్డు ఒక మూలనుంచి మొదలుపెట్టింది. ఏ వైరూ పీకలేదు. అంచు వెంట ఒక్కో చోటా వేలు పెడుతూ, తనలో తను చెప్పుకుంటూ నడిచింది. "ఇది నిండింది. ఇది నిండింది. ఇది ఫ్యానుది. ఇది డిస్కుది, నిండింది." పక్క అంచు తిరిగింది. పై అంచుకు వచ్చింది. ప్రాసెసరు ఫ్యానుకూ క్యాబినెట్ వెనక గోడకూ మధ్య, చీకటిగా ఉన్న ఇరుకు మూలలోకి రెండు వేళ్ళు దూర్చి ఆగిపోయింది.

"ఇక్కడ ఒకటి నోరు తెరుచుకుని ఉంది."

అన్నయ్య లేచి టార్చి వేశాడు. అయినా సరిగా కనబడలేదు, ఫ్యాను అడ్డం. వదిన అప్పటికే క్యాబినెట్ వెనక తడుముతోంది. కరెంటు పంచే పవర్ సప్లై నుంచి వచ్చిన వైర్ల గుత్తిలో, అన్నిటి వెనకా దాక్కున్న ఒక వైరు దొరికింది. దాని మూతి తడిమి చూసి, ఇరుకులోంచి పైకి లాగి, ఆ ఖాళీ నోట్లో పెట్టి నొక్కింది. టక్కుమంది.

"అది ప్రాసెసరుకి కరెంటిచ్చే వైరు" అంది. "అన్నం పెట్టకుండా పాట పాడమన్నాను పాపం."

ప్లగ్ పెట్టింది. స్విచ్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. లైటు వెలిగింది. ఆ తర్వాతి క్షణం ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను.

బీప్.

ఒక్కటే. చిన్నది. మా పక్కింటివాళ్ళకు కూడా వినపడి ఉండదు. వదిన క్యాబినెట్ మీద రెండు అరచేతులూ ఆనించి, అది సన్నగా అదురుతుంటే, నవ్వుతూ అలాగే ఉండిపోయింది. అన్నయ్య అరిచిన అరుపుకు మాత్రం కింద వాటావాళ్ళు మెట్లెక్కి వచ్చారు. "ఎలక్ట్రీషియన్ పెళ్ళానివై ఉండి కరెంటివ్వడం మర్చిపోయావటే!" అని ఎగతాళి చేస్తూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఎలక్ట్రీషియన్ పక్కనే కూర్చుని కనిపెట్టలేదుగా" అంది వదిన. అమ్మ వెంటనే, "అది నిజమే" అని అటు చేరిపోయింది.

మిగతా పని ఆవిడకు కొట్టిన పిండి. కొత్త డిస్కు ఖాళీది కాబట్టి చదివి వినిపించే ప్రోగ్రాము ఎక్కించి పెట్టుకున్న పెన్ డ్రైవ్‌ను బోర్డు దానంతటదే వెతుక్కుంది. కాసేపటికి వదిన హెడ్‌ఫోనులో గొంతు పలకడం మొదలుపెట్టింది. సాయంత్రం స్నేహబృందం లైన్లో కలిసినప్పుడు, "అందరూ ఒక్క నిమిషం నోరు మూసుకోండి" అని, ఫోను క్యాబినెట్ దగ్గర పెట్టి స్విచ్ వేసింది. బీప్ విని లెక్కల మాస్టారు ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ, అంత దూరాన్నుంచి చప్పట్ల చప్పుడు మాత్రం వినపడింది.

ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళు వెనక గదిలోకి తొంగి చూసి, "కంప్యూటరేదీ?" అంటారు. తెర లేకపోయేసరికి వాళ్ళకు అది కంప్యూటరులా కనబడదు. వదిన పక్క మూత తీసి, బోర్డు మీద వేలు పెట్టి, ఏది ఎక్కడుందో చూపిస్తుంది. మొన్న ఆవిడే షాపుకెళ్ళి ఇంకో ర్యామ్ ముక్క తెచ్చుకుని, మేమెవరం ఇంట్లో లేనప్పుడు పెట్టేసుకుంది. తోడు కూడా పిలవలేదని నేను అలిగితే, "నువ్వొస్తే పైకప్పు చూడటం తప్ప ఏం చేస్తావు పిల్లా" అంది.

మా అన్నయ్య సంగతి అడగక్కర్లేదు. ఆ బీప్‌ను తన ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నాడు. నిచ్చెన మీద ఉన్నా, గోడకు చిల్లు వేస్తున్నా, ఆ ఇంటివాళ్ళు కాస్త మాట కలిపితే చాలు, కిందికి దిగి చేతులు దులుపుకుని ఫోన్ తీస్తాడు. "ఇది వినండి" అంటాడు. వాళ్ళు వింటారు.

"ఏమిటండీ ఇది?"

"మా ఆవిడ సొంతంగా బిగించిన కంప్యూటరండీ. బోర్డు కూడా ఆవిడే ఏరుకుంది."

"ఓహో. మరి ఒకసారే కూసి ఊరుకుందేం?"

"ఒకసారే కుయ్యాలండీ" అంటాడు మా అన్నయ్య, ఆ విద్యంతా తనే నేర్పినట్టు ఛాతీ విరుచుకుని. "ఎక్కువ కూస్తే ఏదో తేడా ఉన్నట్టు."